రాబర్ట్ బర్న్స్ కోసం స్కాట్లండ్ వెళ్లేవారికి: తరచుగా అడిగే ప్రశ్నలు

స్కాట్లండ్ జాతీయ కవి రాబర్ట్ బర్న్స్ బతికింది 37 ఏళ్లే. 1759 జనవరి 25న అల్లోవేలో ఒక మట్టింట్లో పుట్టాడు, 1796 జులై 21న డంఫ్రీస్‌లో కన్నుమూశాడు. రెండూ స్కాట్లండ్ నైరుతి మూలన ఉన్న ఊళ్లే. ఆయన పుట్టిన ఇల్లు, కాపురం పెట్టిన గది, దున్నిన పొలం, కూర్చున్న సత్రం, సమాధి అన్నీ ఇవాళ్టికీ నిలిచి ఉన్నాయి. ఒక కవి అభిమానులకు ఇంతకన్నా ఏం కావాలి? ప్రయాణం గురించి, ఆయన జ్ఞాపకవస్తువులు కొనడం గురించి ఎక్కువమంది అడిగే ప్రశ్నలకు జవాబులు ఇవి.

ఎన్ని రోజులు పెట్టుకోవాలి? ఏ ఊరు ముందు?

కనీసం ఐదు రోజులు. ఆయన జీవితం నడిచిన వరసలోనే చూడమని మా సలహా. అలా చూస్తే కవితలు ఒకదాని వెంట ఒకటి వాటంతటవే అర్థమవుతాయి. మొదటి రోజు పూర్తిగా అల్లోవేకి. రెండో రోజు టార్బోల్టన్, మాఖ్లిన్. మూడో రోజు ఉదయం కిల్మార్నాక్ చూసుకుని రైల్లో డంఫ్రీస్. నాలుగో రోజు డంఫ్రీస్, ఎలిస్‌లాండ్. ఐదో రోజు ఎడిన్‌బరా. నిజానికి ఎడిన్‌బరా ఆయన జీవితంలో డంఫ్రీస్ కంటే ముందు వస్తుంది, కానీ దారి అలా కలవదు. ఆ ఒక్కచోట వరస తప్పినా పర్వాలేదు. డంఫ్రీస్ నుంచి ఎడిన్‌బరాకు నేరుగా రైలు లేదు. కార్లైల్‌లో మారాలి కాబట్టి ఆ పూట వేరే పనులు పెట్టుకోవద్దు.

అల్లోవేలో ఏం చూడాలి? ఒక పూట చాలదా?

చాలదు. ఎక్కువమంది చేసే పొరపాటు ఇక్కడే. టాక్సీలో మ్యూజియం దగ్గర దిగి, అద్దాల పెట్టెలు చూసి, వంతెన దగ్గర ఫొటో దిగి వెళ్లిపోతారు. పుట్టిన ఇల్లు అక్కడికి సుమారు 800 మీటర్ల దూరంలో విడిగా ఉంటుంది. దాన్ని చూడకుండానే తిరుగు రైలెక్కుతారు.

ముందు ఇంటికే వెళ్లండి. బర్న్స్ తండ్రి విలియం 1757లో తన చేతులతో కట్టుకున్న ఇల్లు అది. మట్టిగోడలు, గడ్డి కప్పు, మనుషులకూ పశువులకూ ఒకే దూలం కింద చోటు. బర్న్స్ పుట్టిన కొద్ది రోజులకే గాలివానకు గోడలో కొంత కూలిందట. పూరింటి బతుకు తెలిసిన మనవాళ్లకు ఆ చీకటి గదిలోని మంచం, పొయ్యి చూస్తే ఎవరూ ఏమీ వివరించక్కర్లేదు. ఏడేళ్లు నిండేదాకా ఆయన అక్కడే పెరిగాడు.

అక్కడి నుంచి కాలిబాటన మ్యూజియానికి నడవండి. బాట పొడుగునా ఆయన కవితల్లోని బొమ్మలు నిలబెట్టారు. ఆయన నాగలి కింద గూడు చెదిరి కవితకెక్కిన చిట్టెలుక ఇక్కడ మనిషిని మించిన ఎత్తున కనిపిస్తుంది. నేషనల్ ట్రస్ట్ ఫర్ స్కాట్లండ్ నడిపే ఈ మ్యూజియంలో 5,000కు పైగా వస్తువులున్నాయి. తొందర ఉన్నా ఒకటి మాత్రం వదలొద్దు: హైలాండ్ మేరీగా పేరుపడిన ప్రేయసి మేరీ క్యాంప్‌బెల్‌కు బర్న్స్ ఇచ్చిన రెండు సంపుటాల బైబిల్. ఆమె 1786లోనే చనిపోయింది. ఆ పుస్తకం సముద్రం దాటి కెనడా చేరి, మళ్లీ ఇక్కడికి తిరిగొచ్చింది.

ఆ తర్వాత కప్పులేని పాత చర్చి, చివరగా డూన్ నది మీది పాత వంతెన. ఈ వరస మార్చొద్దు. ‘టామ్ ఓ షాంటర్’ కవితలో తాగిన టామ్ గుర్రం మీద వచ్చే వరస ఇదే. చర్చిలో దయ్యాల ఆట చూస్తాడు, అవి తరుముతాయి, పారే నీటిని దయ్యాలు దాటలేవు కాబట్టి వంతెన నడిమి రాయి చేరితే బతికినట్టే. పాపం గుర్రం తోక మాత్రం దయ్యం చేతిలో ఉండిపోతుంది. రెండు వందల పైచిలుకు పంక్తుల ఆ కవితను చర్చి గోడ దగ్గర పైకి చదవడానికి పావుగంట పడుతుంది. దాని కోసం ఆ పావుగంట పక్కన పెట్టుకోండి. బర్న్స్ తండ్రి సమాధి కూడా ఆ చర్చి ఆవరణలోనే ఉంది. పాత వంతెన నిండుగా ఫొటోలో పడాలంటే దాని మీద కాదు, పక్కనే 1816లో కట్టిన కొత్త వంతెన మీద నిలబడాలి.

ఇంటికీ మ్యూజియానికీ టికెట్ ఉంటుంది. చర్చి, వంతెన దగ్గర టికెట్ అక్కర్లేదు.

కారు లేకుండా కుదురుతుందా?

సగం దాకా హాయిగా కుదురుతుంది. గ్లాస్గో సెంట్రల్ నుంచి ఎయిర్ పట్టణానికి రైల్లో 50 నిమిషాల ప్రయాణం. అల్లోవే అక్కడికి దక్షిణాన 3 కి.మీ. బస్సుంది, నడిచినా నడవొచ్చు. కిల్మార్నాక్, డంఫ్రీస్ రెండూ ఒకే రైలు మార్గంలో ఉన్నాయి. చిక్కంతా మాఖ్లిన్, టార్బోల్టన్, ఎలిస్‌లాండ్ దగ్గరే. వీటికి స్టేషన్లు లేవు, బస్సుల మధ్య ఎడం ఎక్కువ, ఆదివారం ఇంకా తగ్గిపోతాయి. అందుకే రెండో రోజు ఆదివారం పడకుండా చూసుకోండి. చివరి బస్సు సమయం ముందుగా రాసిపెట్టుకోండి.

కారు అద్దెకు తీసుకుంటే, భారతీయ లైసెన్సుతో దేశంలో అడుగుపెట్టిన రోజు నుంచి 12 నెలల దాకా నడపొచ్చు. మనలాగే ఎడమ పక్కనే. పల్లె రోడ్లు ఒక్క బండి పట్టేంతే ఉంటాయి. మధ్యమధ్య వెడల్పు చేసిన జాగాలు ఎదుటి బండికి దారివ్వడానికే, అక్కడ కారు నిలిపి ఫొటోలు దిగకూడదు.

ఏ నెలలో వెళ్లాలి? జనవరి 25న అక్కడ ఉంటే బాగుంటుంది కదా?

ఊళ్లు చూడటానికైతే మే నుంచి సెప్టెంబరు. జనవరి 25 ఆయన పుట్టినరోజున జరిపే బర్న్స్ రాత్రి విందుకు బాగుంటుంది, తిరగడానికి కాదు. ఆ రోజుల్లో ఎనిమిదిన్నరకు గానీ తెల్లవారదు, సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గూకుతుంది. టార్బోల్టన్‌లో బర్న్స్ మిత్రులతో కలిసి చర్చా సంఘం నడిపిన బ్యాచిలర్స్ క్లబ్ లాంటి చిన్న స్థలాలు చలికాలంలో మూసి ఉంటాయి, తెరిచే నెలల్లోనూ వారంలో కొన్ని రోజులే. బయల్దేరే వారం ముందు ఒక్కో చోటి వేళలూ విడివిడిగా చూసుకోండి.

వీసా?

స్కాట్లండ్‌కు ప్రత్యేక వీసా అంటూ లేదు, యూకే స్టాండర్డ్ విజిటర్ వీసాయే. ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచి ఆన్‌లైన్లో దరఖాస్తు చేయొచ్చు. వేలిముద్రలు ఇవ్వడానికి హైదరాబాద్‌లో కేంద్రం ఉంది. షెంగెన్ వీసా ఇక్కడ చెల్లదు.

మాఖ్లిన్ చిన్న ఊరు కదా, అక్కడేముంది?

బర్న్స్ కవి అయింది అక్కడే. ఊరికి ఉత్తరాన ఉన్న మాస్‌గీల్ పొలంలో అన్నదమ్ములు సేద్యం చేశారు. 1785 నవంబరులో నాగలి కింద ఎలుక గూడు చెదిరిపోయినప్పుడు పుట్టిన కవిత ఆ పొలానిదే. అది ఇప్పటికీ సాగులో ఉన్న సొంత కమతం. రోడ్డు మీద నుంచే చూడండి, గేటు తీసుకుని లోపలికి వెళ్లొద్దు.

ఊళ్లో కాసిల్ స్ట్రీట్‌లోని బర్న్స్ హౌస్‌లో, 1788లో ఆయన, భార్య జీన్ ఆర్మర్ కాపురం పెట్టిన గది ఉంది. ఎదురుగా చర్చి ఆవరణలో ఆయన పసిబిడ్డల సమాధులున్నాయి. ఆయన కవితల్లో వెక్కిరింతకు గురైన చర్చి పెద్ద విలియం ఫిషర్ కూడా అక్కడే ఉన్నాడు. చర్చి పక్కన పూసీ నాన్సీ సత్రం ఇప్పటికీ నడుస్తోంది. బిచ్చగాళ్ల పాటల రూపకం ‘ది జాలీ బెగ్గర్స్’ అక్కడ జరిగే కథే. ఇవన్నీ ఒకదానికొకటి రెండు నిమిషాల నడక దూరంలోనే ఉంటాయి. ఒక పూట చాలు.

డంఫ్రీస్‌లో వదలకూడనివి?

మొదట ఎలిస్‌లాండ్, పట్టణానికి ఉత్తరాన సుమారు 10 కి.మీ. నిత్ నది ఒడ్డున. 1788 నుంచి 1791 దాకా ఆయన కౌలుకు చేసిన పొలం. భూమి సారం లేనిది. పంట కలిసిరాక 1789లో ఎక్సైజ్ ఉద్యోగంలో చేరాడు. కానీ పాత స్నేహాల పాట ‘ఆల్డ్ లాంగ్ సైన్’, ‘టామ్ ఓ షాంటర్’ రెండూ ఆ పొలంలో ఉన్నప్పుడు రాసినవే. నది వెంట నడిచే బాట ఉంది. అక్కడ తొందరపడకండి.

పట్టణంలో ఆయన చనిపోయిన ఇల్లు చూడండి, ప్రవేశం ఉచితం. మేడమీద చిన్న రాత గదిలో కిటికీ అద్దం మీద ఆయన వజ్రపు మొనతో గీసిన సంతకం ఉంది. పగటి వెలుగు ఏటవాలుగా పడితేనే కనిపిస్తుంది. ఎదురుగా కాదు, పక్కకు జరిగి చూడండి. భర్త పోయాక జీన్ 1834లో చనిపోయేదాకా అదే ఇంట్లో ఉంది.

గ్లోబ్ ఇన్ సత్రంలో ఆయన కుర్చీ ఉంది. అందులో కూర్చున్నవారు బర్న్స్ పంక్తులు చెప్పాలి, లేదంటే అక్కడున్నవారికి తాగడానికి ఇప్పించాలి. అది ఆ సత్రం ఆనవాయితీ. నాలుగు పంక్తులు కంఠతా పట్టుకుని వెళ్లండి.

సెయింట్ మైకేల్స్ చర్చి ఆవరణలో తెల్లని సమాధి మందిరం ఉంది. మొదట ఆయన్ను అదే ఆవరణలో ఒక మూలన, మామూలు రాతిపలక కింద పూడ్చారు. మందిరం కట్టాక అందులోకి మార్చారు. ఆయన అంత్యక్రియలు జరిగిన 1796 జులై 25నే జీన్ ఒక కొడుకును కన్నది. ఈ ఒక్క సంగతి తెలిసి అక్కడ నిలబడితే చాలు.

ఎడిన్‌బరాలో?

లాన్‌మార్కెట్ పక్క సందులో రైటర్స్ మ్యూజియం ఉంది. ఆయన రాతబల్ల అక్కడే. క్వీన్ స్ట్రీట్‌లోని పోర్ట్రెయిట్ గ్యాలరీలో అలెగ్జాండర్ నాస్మిత్ 1787లో వేసిన చిత్రం. రెండుచోట్లా టికెట్ లేదు. ఇప్పుడు మీరు నోట్ల మీదా, డబ్బాల మీదా, కప్పుల మీదా చూసే బర్న్స్ ముఖం చాలావరకు ఆ చిన్న చిత్రం నుంచి వచ్చిందే.

ఆ తర్వాత కానన్‌గేట్ చర్చి ఆవరణకు తప్పక వెళ్లండి. 24 ఏళ్లకే పోయిన కవి రాబర్ట్ ఫెర్గుసన్ సమాధికి గుర్తు కూడా లేదని చూసి, బర్న్స్ 1787లో అనుమతి అడిగి, తన డబ్బుతో రాయి వేయించాడు. తనకంటే ముందు నడిచిన కవికి ఒక కవి చెల్లించిన బాకీ అది. ఊరంతా కలిపి చూసినా మాకు దీన్ని మించిన బర్న్స్ జ్ఞాపకం లేదు.

ఆయన చేతిరాత ప్రతులు దగ్గరగా చూడొచ్చా?

మ్యూజియంలో అద్దం వెనక చూడొచ్చు. చదవాలంటే ఎడిన్‌బరాలో జార్జ్ ది ఫోర్త్ బ్రిడ్జ్ మీది నేషనల్ లైబ్రరీలో గానీ, పెద్ద బర్న్స్ సేకరణ ఉన్న గ్లాస్గో మిచెల్ లైబ్రరీలో గానీ అడగాలి. పాఠకుడిగా నమోదు కావాలి, గుర్తింపు పత్రం తీసుకెళ్లాలి, ఏ ప్రతి కావాలో వారాల ముందే రాసి అడగాలి. లోపల పెన్ను నిషేధం, పెన్సిలే. ఏ కవితకు ఏ ప్రతి ఎక్కడుందో ముందే తేల్చుకుని వెళ్లండి. ‘బర్న్స్ రాసిందేదైనా చూపించండి’ అంటే పని జరగదు.

ఆ భాష అర్థం కావడం లేదు. ఇంగ్లిష్ వచ్చినా పంక్తి ముందుకు సాగదు. ఏం చేయాలి?

అది ఇంగ్లిష్ యాస కాదు, స్కాట్స్ భాష. గ్రాంథికమే గౌరవమనుకునే రోజుల్లో మన గిడుగు, గురజాడ వాడుకమాట పక్షాన నిలబడ్డారు. పెద్దమనుషులు తమ మాటల్లోంచి స్కాట్స్ పదాలను ఏరి పారేసుకుంటున్న కాలంలో బర్న్స్ ఊరి మాటతో కవిత్వం రాశాడు. తెలుగువాళ్లకు ఆ తెగింపు విలువ వెంటనే తెలుస్తుంది.

దారి ఇది: కళ్లతో చదవకండి, ముందు వినండి. తర్వాత పైకి చదవండి. చాలా మాటలు చెవికి చుట్టాలే, రాత వల్లే కొత్తగా కనిపిస్తాయి. ఓ ఇరవై మాటలు నేర్చుకుంటే సగం కవితలు తెరుచుకుంటాయి: ‘కెన్’ అంటే తెలియడం, ‘బెయిర్న్’ బిడ్డ, ‘కిర్క్’ చర్చి, ‘బ్రిగ్’ వంతెన, ‘గ్యాంగ్’ వెళ్లడం, ‘ఆల్డ్’ పాత, ‘సైన్’ అప్పటి నుంచి. 1786 నాటి మొదటి పుస్తకం చివర బర్న్స్ తానే పదకోశం ఇచ్చాడు. మాటల అర్థాలు పక్కనే అచ్చువేసిన సంపుటం కొనుక్కోండి, చివర్లో ఉంటే పేజీలు తిప్పడంతోనే విసుగొస్తుంది.

జ్ఞాపకవస్తువుల సేకరణ దేనితో మొదలుపెట్టాలి?

స్టాంపులతో. 1956లో సోవియట్ యూనియన్ బర్న్స్ స్టాంపు వేసింది. ఆయన సొంత దేశం వేసింది పదేళ్ల తర్వాత, 1966 జనవరి 25న, 4 పెన్నీలది ఒకటి, 1 షిల్లింగ్ 3 పెన్నీలది ఒకటి. ఇవన్నీ తక్కువ ధరకే దొరుకుతాయి. తర్వాత 2009 నాటి రెండు పౌండ్ల నాణెం. ఆయన పుట్టి 250 ఏళ్లయిన సందర్భంగా వేశారు, ‘ఆల్డ్ లాంగ్ సైన్’ పంక్తి ఆయన చేతిరాతలోనే చెక్కి ఉంటుంది. ముప్ఫై లక్షలకు పైగా చలామణీలోకి వచ్చింది. అరుదైన నాణెమని పెద్ద ధర చెబితే కొనొద్దు.

క్లైడ్స్‌డేల్ బ్యాంకు పది పౌండ్ల నోటు మీదా బర్న్స్ ఉన్నాడు. ఒకటి దాచుకుని మిగతావి అక్కడే ఖర్చుపెట్టేయండి. స్కాట్లండ్ నోట్లు మార్చడానికి మన దగ్గర మారక దుకాణాలు తరచూ ఒప్పుకోవు.

మాఖ్లిన్ వేర్ అంటే ఏమిటి? అసలుదని ఎలా తెలుస్తుంది?

19వ శతాబ్దంలో మాఖ్లిన్, ఆ చుట్టుపక్కల తయారైన చెక్క సామాను. నశ్యం డబ్బాలతో మొదలై సూదుల పెట్టెలు, స్టాంపు డబ్బాలు, పుస్తకాల అట్టల దాకా వెళ్లింది. పేరున్న తయారీదారులు స్మిత్ కుటుంబం. 1933లో కార్ఖానా కాలిపోవడంతో పని ఆగిపోయింది. కాబట్టి కొత్తగా తయారైంది ఏదైనా మాఖ్లిన్ వేర్ కాదు.

చెక్క సికమోర్: లేత రంగు, సన్నని రేఖలు, బరువుండదు. మీద అల్లోవే చర్చి, డూన్ వంతెన, పుట్టిన ఇల్లు లాంటి నల్లని బొమ్మలుంటాయి. కాగితం మీది ముద్రను వార్నిష్ మీద అతికించి, కాగితం తీసేసి, పైన మళ్లీ పూతమీద పూత వార్నిష్ వేసేవారు. అందువల్ల గోరుతో తడిమితే బొమ్మ అంచు తగలకూడదు. తగిలితే తర్వాత అతికించిన స్టిక్కరని అనుమానించండి. వార్నిష్ తేనెరంగుకు తిరగడం మామూలే. మూత బిగుతుగా కూర్చోవాలి. తిరగేసి అడుగు చూడండి, లోపల చూడండి. బొమ్మ పాతబడి అడుగు కొత్తగా మెరుస్తుంటే మళ్లీ పాలిష్ చేశారన్నమాట, ధర తగ్గించి అడగండి. ‘డూన్ ఒడ్డున పెరిగిన చెట్టు చెక్క’ అని అచ్చువేసిన డబ్బాలు చాలా ఉన్నాయి. ఆ మాట అప్పటి అమ్మకం కోసం వేసింది, చెట్టుకు రుజువు కాదు.

ఇంటికి తెచ్చాక నీటి గుడ్డతో తుడవొద్దు, వార్నిష్ తెల్లబారుతుంది. పొడి మెత్తగుడ్డ చాలు.

పాత పుస్తకాల్లో ఏది అందుబాటులో ఉంటుంది?

మొదటి పుస్తకం, 1786 జులై 31న కిల్మార్నాక్‌లో జాన్ విల్సన్ అచ్చువేసినది, 612 ప్రతులు, వెల మూడు షిల్లింగులు. జమైకా వెళ్లిపోవాలనుకుంటున్న బర్న్స్ ఆ పుస్తకం అమ్ముడుపోయిన తీరు చూసి ఆగిపోయాడు. ఇప్పుడు మిగిలినవి వంద లోపే, పలికేది పదుల వేల పౌండ్లు. మనకు అది మ్యూజియంలో చూసే వస్తువే.

‘కిల్మార్నాక్ 1786’ అని తక్కువ ధరకు కనిపిస్తే అది నకలు ప్రతి. 1867లో జేమ్స్ మెకీ 600 ప్రతుల నకలు ముద్రించాడు, తర్వాత ఇంకా వచ్చాయి. నకలు ముద్రణ వివరం ఉన్న కాగితాన్ని చింపేసి అమ్మడం పాత మోసం. ముందు, వెనక కుట్టు దగ్గర కత్తిరించిన అంచు ఉందేమో చూడండి. నకలని తెలిసి కొంటే మాత్రం అది చక్కని పుస్తకమే.

1787 ఎడిన్‌బరా ముద్రణలో ఒక ముచ్చట ఉంది. అచ్చు సాగుతుండగా చందాదారులు పెరిగారు. అప్పటికే అక్షరాలు విప్పేసిన పేజీలను మళ్లీ కూర్చవలసి వచ్చింది. ఆ హడావుడిలో హాగిస్ అనే స్కాట్లండ్ మాంసపు వంటకం మీది కవితలో నీళ్లలా పలచనిదనే అర్థమున్న ‘స్కింకింగ్’ కాస్తా, కంపు కొట్టేదనే అర్థమున్న ‘స్టింకింగ్’ అయింది. సేకర్తలు ముందు తిరగేసేది ఆ పేజీనే.

మధ్యతరగతి అభిమాని కొనగలిగింది బర్న్స్ చనిపోయాక జేమ్స్ కరీ 1800లో నాలుగు సంపుటాలుగా తెచ్చిన మొదటి సమగ్ర ముద్రణ, లేదా దాని తర్వాతి ముద్రణలు. నాలుగూ ఒకే బైండింగులో ఉన్నాయా, ముఖచిత్రం చింపలేదా అన్నవి చూసుకోండి.

బర్న్స్ చేతిరాత ఉత్తరం అమ్మకానికి వచ్చింది. కొనొచ్చా?

ఎవరి నుంచి ఎవరికి చేతులు మారిందో కాగితాల మీద చూపిస్తే తప్ప వద్దు. 19వ శతాబ్దం చివర ఎడిన్‌బరాలో అలెగ్జాండర్ హౌలండ్ స్మిత్ అనేవాడు బర్న్స్, రచయిత వాల్టర్ స్కాట్ పేర్లతో నకిలీ రాతలు గుట్టలుగా తయారుచేశాడు. 1893లో ఏడాది జైలు పడింది. పాత పుస్తకాల ఖాళీ కాగితాలు చింపి వాడాడు కాబట్టి కాగితం వయసు నిజమే, రాత మాత్రం కొత్తది. కొన్నిట్లో పురుగు తిన్న రంధ్రాలను తప్పించుకుంటూ అక్షరాలు నడిచాయి. అసలు రాతైతే పురుగు అక్షరాన్ని కూడా తింటుంది. ఆ నకిలీలు పాత సేకరణల్లో నుంచి ఇప్పటికీ పైకి రావచ్చు. అందువల్ల కాగితం పాతదన్న ఒక్క మాట దేనికీ రుజువు కాదు.

‘బర్న్స్ కూర్చున్న కుర్చీ చెక్క’, ‘బర్న్స్ వెంట్రుక’ లాంటివి రుజువు లేకుండా వస్తే వదిలేయండి.

ఇంకొకటి: 50 ఏళ్లు దాటిన చేతిరాత పత్రం ఏ ధరదైనా సరే, బ్రిటన్ దాటించే ముందు ఎగుమతి లైసెన్సు సంగతి అమ్మేవారితో తేల్చుకోవాలి. డబ్బు కట్టేముందే లిఖితంగా అడగండి.

మన వాతావరణంలో వీటిని ఎలా దాచాలి?

ఆ కాగితం చల్లని ఊరి కాగితం. విశాఖ, కాకినాడ తేమలో బూజు పడుతుంది, రాయలసీమ ఎండకు పెళుసెక్కుతుంది. గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే మేలు. చవకైన తేమ కొలిచే పరికరం బీరువాలో పెట్టండి. సిలికా జెల్ పొట్లాలు వానాకాలంలో తరచూ మార్చాలి. బీరువా బయటి గోడకు ఆనించొద్దు, గోడ చెమ్మ నేరుగా లాగుతుంది. స్టాంపులను జిగురు లేని తొడుగుల్లో ఉంచండి. లామినేషన్, సెల్లోటేప్ దేనికీ వద్దు, ఒకసారి అంటితే తీయలేం.

ఇంట్లో బర్న్స్ విందు చేసుకోవాలంటే?

భోజనానికి ముందు చెప్పే సెల్కిర్క్ ప్రార్థనతో మొదలు. హాగిస్‌ను పళ్లెంలో ఊరేగింపుగా తెచ్చి, దాని మీది కవిత చదవాలి. గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తులు, ఓట్స్ కలిపి, పొట్ట సంచిలో కుక్కి ఉడికించే వంటకం అది. తలకాయ, బోటి కూరలు ఇష్టపడే ఇళ్లకు కొత్త కాదు. శాకాహార హాగిస్ కూడా ఉంది. కవితలో కత్తి తుడిచే పంక్తి వచ్చినప్పుడే కోయాలి, ముందు కాదు. కోసే ముందు పొట్టకు చిన్న గాటు పెట్టి ఉంచండి, లేకపోతే లోపలి ఆవిరికి ఎదురున్నవారి మీద చిందుతుంది. భోజనం తర్వాత బర్న్స్ గురించి ప్రసంగం, ఆడవారి గౌరవార్థం ఒక మాట, వారి జవాబు.

చివర ‘ఆల్డ్ లాంగ్ సైన్’. ఇక్కడ రెండు తప్పులు అందరూ చేస్తారు. ‘సైన్’ను ‘జైన్’ అనకూడదు. చేతులు అడ్డంగా వేసి పట్టుకోవడం మొదటి నుంచీ కాదు. వలయంగా నిలబడి మామూలుగా చేతులు పట్టుకోండి. చివరి చరణంలో, ఇదిగో నా చేయి నేస్తమా అనే పంక్తి వచ్చినప్పుడు మాత్రమే కుడిచేయి ఎడమవైపు వారికి, ఎడమచేయి కుడివైపు వారికి అందించండి.